మేడమీది పిట్టగోడ

పఠనభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8; 2 సమూయేలు 13:1–22; దానియేలు 1



మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. తప్పిపోయిన ఎద్దును గూర్చియు, పక్షిగూటిని గూర్చియు చెప్పబడిన మాటల ప్రక్కనే అది యుండుటచేత మనము దానిని చదివి దాటిపోవుచుందుము. క్రొత్త యిల్లు కట్టుకొనువాడు తన మేడకు చుట్టును పిట్టగోడ కట్టవలెనని దాని భావము. కట్టక విడిచినయెడల, పైనుండి ఎవడైనను పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును.

ఇశ్రాయేలు దేశములో మేడ అనగా పాతసామాను పడవేయు చోటు కాదు. రాహాబు తన మేడమీద జనుపకట్టెల చాటున వేగులవారిని దాచెను. పేతురు యొప్పేలో మేడమీదనే ప్రార్థింపనెక్కెను. గాలికొరకును, మాటలకొరకును, నిద్రకొరకును జనులు అక్కడికే పోవుదురు. మనుష్యులు తిరుగాడుచోట పడుటకు అవకాశముండును గనుక దేవుడు గోడ కట్టుమనెను. ఇందులో నేను చాలకాలము గమనింపని సంగతి యొకటి యున్నది. ఈ ఆజ్ఞ పడినవానికి ఇయ్యబడలేదు, ఇల్లు కట్టినవానికి ఇయ్యబడినది. పడినవాడు త్రాగియుండెనా, నిద్రమత్తులో నడచెనా, బుద్ధిహీనుడై అంచున కూర్చుండెనా అని ధర్మశాస్త్రము అడుగుటలేదు. గోడ యున్నదా లేదా అనియే అది యజమానుని అడుగుచున్నది.

మన యౌవనస్థుల దేహములను గూర్చియు, వారు దాంపత్యమునకు ముందును వెలుపలను పొందుచున్న వ్యాధులను గూర్చియు ఈ దినమున వ్రాయబూనితిని. ఇట్టి విషయము భక్తిగ్రంథములో ఏల అని కొందరు పెద్దలు నొచ్చుకొనవచ్చును. పరిశుద్ధ గ్రంథము దీనిని గూర్చి సిగ్గుపడి మౌనముగా నుండలేదు, మనమే ఉంటిమి.

సూరతు పట్టణమునకు దక్షిణమున, ఉధ్నా దాటిన తరువాత, పాండేసర యున్నది. రంగుల మిల్లులు, అచ్చు మిల్లులు, వాటి పొగగొట్టములు, వాటి చుట్టును మరమగ్గముల కార్ఖానాలు. మన తెలంగాణవారు వాటిని సాంచాలందురు. కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నేతకుటుంబములు బ్రదుకుతెరువు వెదకుకొనుచు షోలాపూరునకు, భివండికి, సూరతుకు తరలివచ్చి తరములు గడచినవి. లింబాయతులోను, ఉధ్నాలోను, పాండేసరలోను వీధిలో నడచుచుండగా తెలుగు మాట చెవిని పడును. ఒడిశాలోని గంజాము జిల్లానుండి వచ్చిన కార్మికులైతే లెక్కకు మిక్కిలిగా నున్నారు. పని పండ్రెండు గంటలు. ఒంటరిగా వచ్చినవారు ఒక్కొక్క గదిలో పలువురు చేరి యుందురు. పగటి షిఫ్టువారు లేచిన చాపమీదనే రాత్రి షిఫ్టువారు పండుకొందురు. ఆ చాప చల్లారు తరుణము లేదు. వైశాఖమాసపు రాత్రులలో రేకుల క్రింద నిలువజాలక అందరును మేడమీదికి పోవుదురు.

పదునెనిమిదేండ్ల పిల్లవాడు, తల్లి కట్టియిచ్చిన పచ్చడిసీసాతో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చినవాడు, ఆ మేడమీద ఏమి వినుచున్నాడు? స్త్రీయొద్దకు పోనివాడు మగవాడు కాడని వినుచున్నాడు. చూచుటకు ఆరోగ్యముగా నున్నవారియందు రోగముండదని వినుచున్నాడు. మగ్గముల యొద్ద దేహములో పుట్టిన వేడిమి బయటికి పోకున్న జబ్బు చేయునని వినుచున్నాడు. నిరోధ్ అడుగుట పిరికితనమనియు, అంగడిలో దానిని కొనుట అవమానమనియు, తరువాత నిమ్మరసముతోనో సోడాతోనో కడుగుకొన్న చాలుననియు వినుచున్నాడు. సూరతులో చేసినది సూరతులోనే యుండిపోవునని, ఊరిలో పెండ్లి యైన తరువాత అంతయు క్రొత్తగా ప్రారంభమగునని వినుచున్నాడు. చెప్పువాడు శత్రువు కాడు. తనకంటె నాలుగేండ్లు పెద్దవాడు, పని నేర్పినవాడు, జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి యిచ్చినవాడు. అందుచేతనే ఆ మాట లోనికి దిగుచున్నది. ఇప్పుడు దానికి తోడుగా చేతిలోని ఫోను కూడ అర్ధరాత్రి పాఠము చెప్పుచున్నది. ఆ బొమ్మలలో ఏ స్త్రీయు వద్దని చెప్పదు, ఎవడును జాగ్రత్త పడడు, ఎవనికిని రోగము రాదు.

దావీదు ఇంటిలో ఏమి జరిగెనో చూడుడి. రాజకుమారుడైన అమ్నోను దినదినము చిక్కిపోవుచుండగా, ఏల ఇట్లు నీరసించుచున్నావని అతనిని అడిగినవాడు ఒక్కడే, యెహోనాదాబు అను స్నేహితుడు. తండ్రి అడుగలేదు. యాజకుడు అడుగలేదు. అడిగినవాడు కపటబుద్ధి గలవాడు గనుక వాని ఆలోచన తామారును నాశనము చేసెను. ఆ దినమున ఆమె వలదని బ్రతిమాలెను, తన మానము ఏమగునని అడిగెను, న్యాయమైన మార్గమును సహితము చూపెను. ఆమె మాట ఎవడును వినలేదు. తప్పు చేసినవాడొకడు, ఆలోచన చెప్పినవాడొకడు. బూడిద తలపై పోసికొని, వస్త్రము చింపుకొని ఏడ్చుచు పోయినది ఆ నిరపరాధి.

ఆ సంగతి విని దావీదు మిగుల కోపపడెనని వ్రాయబడియున్నది. తరువాత ఏమి చేసెనో వ్రాయబడలేదు. ఏమియు చేయలేదు గనుక. ఏల? రెండు అధ్యాయములు వెనుకకు త్రిప్పుడి. ఒక సాయంకాలమున తన మేడమీద నడచుచు అతడును చూచెను, ఆశించెను, పడెను. దేహము పడకుండ ఆ మేడకు గోడ యుండెనేమో గాని, కన్నులకు లేకపోయెను. తానే పడినవాడు కుమారునితో ఏమని మాటలాడును? మనలో అనేకమంది తండ్రుల మౌనమునకు కారణము పరిశుద్ధత కాదు, భయము. ఇది కఠినమైన మాటయని యెరుగుదును. నన్ను మినహాయించుకొని వ్రాయుటలేదు.

నా సంగతి యొకటి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట పాండేసరలో ఒక ఇంట జరిగిన ప్రార్థనకూటము ముగిసిన తరువాత, మగ్గము పనివాడైన యౌవనుడొకడు అందరును వెళ్లువరకు మెట్లయొద్ద నిలిచియుండెను. "అయ్యగారూ, ఒక మాట అడగాలె" అనెను. ముఖము దించుకొనియే మాటలాడెను. మూత్రమునకు పోవునప్పుడు మంట యున్నదనియు, రైలుకట్ట గోడమీద వ్రాసియున్న వైద్యుని యొద్ద డబ్బు పెట్టి పొడి కొనితిననియు, పై మాసములో తనకు పెండ్లి యనియు చెప్పెను. నేనేమి చేసితిని? జారత్వమును గూర్చి హెచ్చరించితిని. కన్నీటితో ప్రార్థించితిని. కరపత్ర మొకటి చేతిలో పెట్టి పంపివేసితిని. ఆస్పత్రికి పొమ్మని చెప్పలేదు, రక్తపరీక్ష మాట ఎత్తలేదు, పెండ్లి కొంతకాలము ఆపుమనలేదు. ఆ మాటలు నా నోట వచ్చునా యని సిగ్గుపడితిని.

రెండేండ్లకు అతడు మరల వచ్చెను. భార్య గర్భవతియైనప్పుడు ప్రభుత్వ ఆస్పత్రిలో చేసిన పరీక్షలో ఆమె రక్తమునందు హెచ్.ఐ.వి. కనబడినది. అటుతరువాత అతని రక్తమునందును. ఆమె తన జీవితములో భర్తను తప్ప ఎవనిని ఎరుగదు. అతడు నన్ను నిందింపలేదు. నిందించినయెడల నాకు కొంత తేలికయైయుండును. "మీరు ఆనాడు తిట్టలేదు అయ్యగారూ, కానీ చెప్పలేదు" అని మాత్రము అనెను. వైద్యులు ఆమెకు వెంటనే మందులిచ్చిరి, పుట్టిన బిడ్డకును ఇచ్చిరి; దేవుని కృపచేత బిడ్డకు ఆ వ్యాధి సోకలేదు. ముగ్గురును జీవించియున్నారు. అయినను ఆ మెట్లయొద్ద నేను కట్టక విడిచిన గోడ నాకు ఇప్పటికిని కనబడుచున్నది.

చదువరీ, నీవు ఎరుగవలసిన కొన్ని సంగతులను స్పష్టముగా వ్రాసెదను. మన దేశములో హెచ్.ఐ.వి. మొదట 1986లో చెన్నపట్టణమున వైద్యురాలు సునీతి సాల్మన్ పర్యవేక్షణలో జరిగిన పరీక్షలలో బయలుపడినది. అంతవరకు అది పరదేశుల రోగమని మనవారు నిశ్చింతగా నుండిరి. అది రక్షణలేని సంభోగమువలనను, రోగి రక్తమువలనను, ఒకరు వాడిన సూదిని మరియొకరు వాడుటవలనను, తల్లినుండి బిడ్డకును సంక్రమించును. కలిసి భుజించుటవలన రాదు. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనపు రసము పుచ్చుకొనుటవలన రాదు. (ఈ భయముచేత ఒక సహోదరిని ప్రభుబల్లయొద్ద అందరికంటె చివర నిలిపిన సంఘమును నేనెరుగుదును. ప్రభువు మనలను క్షమించునుగాక.) సోకినవాడు అనేక సంవత్సరములు బలముగా, కళకళలాడుచు నుండవచ్చును, కావున ముఖము చూచి నిర్ణయించుట కాదు, పరీక్షయే మార్గము. 2004 ఏప్రిల్ 1నుండి మన ప్రభుత్వము దీని మందులను ఉచితముగా నిచ్చుచున్నది. మందులు క్రమముగా వాడుటచేత రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నవానినుండి సంభోగమువలన అది ఇతరులకు సోకదని ఇప్పుడు వైద్యులు నిశ్చయముగా చెప్పుచున్నారు. సవాయి రోగము పెనిసిలిన్ సూదిమందుతో నయమగును. విడిచిపెట్టినయెడల గర్భములోని శిశువును సైతము పట్టును. సెగరోగమునకు మందు కలదు, అయితే అది గోడమీది ప్రకటనల వైద్యునియొద్ద లేదు. హిజ్కియా వ్యాధిగ్రస్తుడై కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించెను. అయినను యెషయా అత్తిపండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థనయు ముద్దయు ఒకదానితో నొకటి పోరాడలేదు.

ఇక నిరోధ్ మాట. 1968లో మన ప్రభుత్వము కుటుంబనియంత్రణకై దానిని ఊరూర పంచనారంభించెను. సరిగా, ప్రతిసారియు వాడినప్పుడు అది హెచ్.ఐ.వి.ని, మరి కొన్ని వ్యాధులను చాలవరకు అడ్డగించును. సంపూర్ణముగా కాదు, చర్మము తగులుటవలన సంక్రమించు కొన్నిటిని అది పూర్తిగా ఆపజాలదు. ఇది సత్యము. ఒక సంఘపెద్ద నాతో వాదించెను: "అయ్యగారూ, ఈ మాట యౌవనులకు చెప్పితిమా, పాపమునకు పత్రము వ్రాసి యిచ్చినట్లే గదా." ఆయన దైవభయము గలవాడు, ఆయన భయమును నేను తేలికగా తీసివేయను. వివాహము ఘనమైనదియు, పానుపు నిష్కల్మషమైనదియు అయియుండవలెనని హెబ్రీ పత్రిక బోధించుచున్నది; మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. అదియే మన మొదటి మాట, దానిని మనము మెల్లగా గొణుగ నక్కరలేదు. అయితే ఆ పెద్దతో నేనిట్లంటిని: పిట్టగోడ కట్టినవాడు జనులను అంచునకు రమ్మని పిలుచుచున్నాడా? గోడ యున్నదని మోషే ఎవనికిని వంగి చూచుటకు సెలవీయలేదు. పడువాడుండునని దేవునికి తెలియును గనుక కట్టుమనెను. మరియు, నిరోధ్ దేనికిని పనికిరాదని వేదికమీద నుండి చెప్పుట అబద్ధసాక్ష్యము. యౌవనుడు మనము చెప్పిన ఈ యొక్కటి అబద్ధమని కనుగొన్ననాడు, పవిత్రతను గూర్చి చెప్పినది కూడ అట్టిదేయని త్రోసివేయును. జారత్వము పాపమే, దానిపైన తెలిసి తెలిసి భార్యకు మరణకరమైన వ్యాధినిచ్చుట ఇంకొక ఆజ్ఞను మీరుట. ఒక ఆజ్ఞ మీరినవానితో రెండవదానినైనను కాపాడుకొనుమని చెప్పుట ప్రేమయే.

ఆ పెద్ద ఒప్పుకొనలేదు. కొంతసేపు మౌనముగా నుండి, "నాకు ముగ్గురు మనుమలు" అనెను.

ఆడపిల్లలను మరచితిమని తలంపవద్దు. పాండేసర ఇండ్లలో తల్లులును కూతుండ్రును కూర్చుండి చీరలకు రాళ్లు అంటించుచు, దారపు కొసలు కత్తిరించుచు దినమెల్ల గడుపుదురు. అంత దగ్గరగా అన్ని గంటలు కూర్చున్నను, బిడ్డకు తన దేహమును గూర్చి ఒక్క మాట చెప్పు తల్లి అరుదు. పెండ్లి చూపులలో కట్నమడుగుదుము, గోత్రమడుగుదుము, అబ్బాయి నెలకెన్ని మీటర్లు నేయునో అడుగుదుము. వధూవరులిద్దరును రక్తపరీక్ష చేయించుకొందురా యని అడుగుట మాత్రము అవమానమైనది. ఇద్దరును అని వ్రాసితిని. ఒకరిమీద అనుమానముగా కాక ఇద్దరికిని క్షేమముగా. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు ఎక్కువగా కారణమగు వైరస్‌కు టీకా యున్నదనియు, అది చిన్నవయస్సునందు వేయించిన మేలనియు తల్లులు తెలిసికొనవలెను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డను కామముతో తాకుట 2012నాటి చట్టము ప్రకారము నేరము; తాకినవాడు మేనమామయైనను, సంఘపు మనుష్యుడైనను సరే.

ప్రసంగీకులమైన మనము యోసేపును గూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిమి. పరదేశములో ఒంటరిగా నుండి, ఎవరును చూడనిచోట, వస్త్రము విడిచి పారిపోయెను. గొప్ప సంగతియే. అయితే ప్రతి యౌవనుని యోసేపువలె నుండుమని చెప్పి ఒంటరిగా పంపుట మన సోమరితనమని నాకు తోచుచున్నది. బబులోనులో దానియేలున్న గదిని గూర్చి మనము తక్కువ మాటలాడుచున్నాము. వారు నలుగురు; పరదేశము, పరభాష, పేరులు సహితము మార్చబడినవి. రాజభోజనముచేత తనను అపవిత్రపరచుకొనగూడదని మొదట ఉద్దేశించినవాడు దానియేలు, అయితే పది దినములు పరీక్షించుమని నలుగురి పక్షముగా అడిగెను. ఆ గదిలో అందరును తినునదే తినవలెనను ఒత్తిడికి మారుగా, తినకుండుటకు తోడు దొరికెను. స్నేహితుని మాట యౌవనుని పడద్రోయునంత బలము గలదైనయెడల, నిలువబెట్టుటకును అంతే బలము గలది. యెహోనాదాబు అడిగిన ప్రశ్ననే దానియేలు కూడ అడుగవచ్చును: తమ్ముడా, ఏల చిక్కిపోవుచున్నావు?

మా చిన్న కూటములో ఇట్లు ప్రారంభించితిమి. గదిలో వయస్సున పెద్దవారైన నలుగురైదుగురు అన్నలను పిలిచి మాటలాడితిమి. క్రొత్తగా వచ్చినవానికి మగ్గము నేర్పువారు వారే గనుక మిగిలినది కూడ వారే చెప్పవలెనంటిమి. మొదటి దినమున నవ్విరి. ఒకడు లేచి వెళ్లిపోయెను. ఆరోగ్య కేంద్రమునుండి ఒక నర్సమ్మను పిలిచితిమి. ఆమె తెలుగు ఎరుగనందున నేను పంక్తి పంక్తిగా తెనిగించుచు, నోట రావని నేను తలంచిన మాటలన్నిటిని ఒక గంటలో పలికితిని. ఆకాశము విరిగి పడలేదు. పేరు చెప్పుకొన నిష్టము లేనివారు ఫోనులో 1097 అను ఉచిత సంఖ్యకు పిలిచి అడుగవచ్చునని ఆమె చెప్పెను. పరీక్షకు ముందు వ్యక్తి సమ్మతి కావలెననియు, ఫలితమును రహస్యముగా నుంచవలెననియు, ఆ వ్యాధి గలవానిని దానినిబట్టి పనినుండి అన్యాయముగా తీసివేయగూడదనియు 2017నాటి చట్టములో నున్నదని వివరించెను. పనినుండి తీసివేయగూడదను మాట విన్నప్పుడు వెనుక వరుసలోని వారు తలలెత్తిరి.

చివరకు ఒక డబ్బా పెట్టితిమి. బిస్కట్ల డబ్బా, మూతకు చీలిక కోసినది. పేరు లేకుండ ప్రశ్నలు వ్రాసి వేయుమంటిమి. పదునొకండు చీటీలు వచ్చినవి. కొన్ని మేడమీది కబుర్లను గూర్చినవి, రెండు వేళాకోళములు. ఒక దానిలో వంకర అక్షరములతో, ముందు తప్పు చేసినవాడు ఇప్పుడు పరీక్ష చేయించుకొంటే దేవునికి కోపము వచ్చునా అని యుండెను.

నేను అందరియెదుట బదులు చెప్పితిని. రోగులకే వైద్యుడు కావలెనని చెప్పిన ప్రభువు వైద్యునియొద్దకు పోవువానిమీద కోపపడడు. చేసినదానిని గూర్చి ఆయనయొద్ద ఒప్పుకొనుడి, ఆయన క్షమించును. దేహమును గూర్చి పరీక్షకేంద్రమునకు పొండి. ఈ రెంటిలో ఒకటి చేసి మరియొకటి మానవద్దు. ఒంటరిగా పోలేనివారు రేపు ఉదయము ఎనిమిది గంటలకు నా యింటియొద్దకు రండి, కలిసి పోవుదము, ఎవరని అడుగను.

మరునాడు ఎనిమిది గంటలకు ఎవరును రాలేదు. ఎనిమిదిన్నరకు రాత్రి షిఫ్టు దిగి, జుట్టున దూది నూగుతో, ఇద్దరు వచ్చిరి. వారిలో ఒకడు ఆ చీటీ వ్రాసినవాడో కాదో నాకు తెలియదు. ఆస్పత్రి వసారాలోని బల్లమీద ముగ్గురమును కూర్చుంటిమి. వారు నిద్ర ఆపుకొనలేక గోడకు ఆనుకొనిరి. పేరులు పిలిచినప్పుడు నేను లేపితిని. ఫలితములు ఏమి వచ్చినవో ఈ పుటలలో వ్రాయను, అవి వారివి. తిరిగి వచ్చునప్పుడు టీ అంగడియొద్ద ఆగితిమి, అక్కడ ఒకడు నన్నడిగెను: "అయ్యగారూ, మా తమ్ముడు వచ్చే నెల ఊరినుంచి వస్తుండు. వానికి మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

"నీవే చెప్పు నాయనా, నేను ప్రక్కన కూర్చుందును" అంటిని.